గోదావరి వెంట ఊపిరి

శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం దాటిన గోదావరి రామగుండం దగ్గర బొగ్గు నేలలోకి వస్తుంది. కుడి ఒడ్డున గోదావరిఖని, ఎడమ ఒడ్డున మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి. ఇంకా దిగువన భూపాలపల్లి, మణుగూరు. సింగరేణి బొగ్గు బాయిలన్నీ దాదాపు ఈ నదికి అటూ ఇటూ పరుచుకున్నవే. ఈ దారి పొడవునా మనిషి ఒంటికీ బాక్టీరియాకూ మధ్య జరిగే పోరును గమనిస్తే ఒక విషయం తేటపడుతుంది. రోగనిరోధక శక్తి ఎంత గొప్పదైనా దానికి మోయగలిగిన బరువంటూ ఒకటుంటుంది. ఆ బరువును నిర్ణయించేది తాగే నీరు, పీల్చే గాలి, పని జరిగే తీరు.

మొదట నీటినే తీసుకుందాం. కలుషితమైన నీటితో కడుపులోకి చేరిన క్రిముల్లో ఎక్కువ భాగాన్ని జఠరరసంలోని ఆమ్లమే చంపేస్తుంది. మిగిలినవాటిని పేగుల జిగురు పొర, అందులోని యాంటీబాడీలు అడ్డుకుంటాయి. ఆమ్లం బలంగా ఉన్న కడుపులో కలరా రావాలంటే కోట్ల సంఖ్యలో క్రిములు కావాలి. ఆ ఆమ్లం తగ్గితే వేలూ లక్షలే చాలు. అంటే సోకిన క్రిముల సంఖ్య, ఒంటి కాపలా బలం, ఈ రెండూ కలిసే జబ్బును నిర్ణయిస్తాయి. నీటిని శుద్ధి చేసి సరఫరా చేయడం మొదటిదాన్ని తగ్గించే పని.

రామగుండం దగ్గర ప్రశ్న గాలికి మారుతుంది. శ్వాసనాళాల్లోని జిగురు, దాన్ని పైకి నెట్టే సూక్ష్మ రోమాలు పెద్ద రేణువులను బయటికి పంపేస్తాయి. అతి సన్నని దుమ్ము, టీబీ క్రిమి మాత్రం ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా ఉండేవి, క్రిములను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు. పరాయి రేణువులను కణాలు మింగి అరిగించుకుంటాయని ఇల్యా మెచ్నికోవ్ 1882లో గుర్తించాడు. రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని లోకానికి చూపిందీ ఆ ఏడే. ఈ క్రిమి మాక్రోఫేజ్ లోపల కూడా బతకగలదు. అప్పుడు టీ కణాలనే రోగనిరోధక కణాలు ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేసి మాక్రోఫేజ్‌ను మరింత చురుకెక్కిస్తాయి. కణాలన్నీ క్రిమి చుట్టూ గుమిగూడి దాన్ని ఒకచోట బంధిస్తాయి. అందుకే టీబీ క్రిమి సోకినవారిలో నూటికి తొంభై మంది జీవితాంతం జబ్బు పడరు.

ఈ కాపలానే దుమ్ము కూల్చేస్తుంది. బొగ్గు పొరల పైనా మధ్యనా ఇసుకరాయి ఉంటుంది. దాన్ని డ్రిల్ చేసినా, పేల్చినా, ఓపెన్‌కాస్టులో బొగ్గు పైపొర (ఓబీ)గా తవ్విపోసినా స్ఫటిక సిలికా లేస్తుంది. మాక్రోఫేజ్ దాన్నీ మింగుతుంది, కానీ అరిగించుకోలేదు. స్ఫటికం కణంలోని జీర్ణసంచిని చీలుస్తుంది, కణం చస్తుంది, బయటపడ్డ రేణువు ఇంకో కణంలోకి చేరుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో, సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ జబ్బు ఉన్న కార్మికులకు టీబీ సుమారు మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. బంగారు గనితో బొగ్గు బాయిని పోల్చడం ఏమిటని అడగవచ్చు. బొగ్గు దుమ్ములో సిలికా తక్కువన్న మాట నిజమే. కానీ ఇసుకరాయిని తొలిచే మనిషి పీల్చేది బొగ్గు దుమ్ము ఒక్కటే కాదు. అందరూ పీల్చే దుమ్మే అయినప్పుడు కొందరికే జబ్బు ఎందుకన్నది రెండో ప్రశ్న. తిండి, పొగ, వయసు కూడా కాపలాను బలహీనపరుస్తాయి. ఇంకో బొగ్గు రాష్ట్రమైన జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు పోషకాహారం ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గినట్టు 2023లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇది దుమ్మును నిర్దోషిని చేయదు. బరువు ఎన్ని వైపుల నుంచి పడుతుందో చెబుతుంది.

మందులుండగా ఇంత ఆలోచన ఎందుకనేవారికి జవాబు నది చివర, డెల్టాలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహించినప్పుడే, అక్కడ బెంజమిన్ డగ్గర్ యాంటీబయాటిక్ మందు ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఈ మందు చాలా బాక్టీరియాల ప్రొటీన్ తయారీని ఆపి, వాటిని పెరగనివ్వదు. ఆగిపోయిన క్రిములను ఏరిపారేసే పని ఒంట్లోని కణాలదే. క్రిములను నేరుగా చంపే మందులతో కూడా టీబీకి సాధారణంగా ఆరు నెలలు వైద్యం సాగుతుంది. మందు కాపలాకు తోడు వస్తుంది, కాపలా స్థానంలోకి రాలేదు.

కాబట్టి టీబీ నివారణ ఆసుపత్రి వాకిట్లో కాక, డ్రిల్ మొన దగ్గర మొదలుకావాలి. తడి డ్రిల్లింగ్, రవాణా దారుల మీద నీళ్లు చల్లడం, సరైన మాస్కు ఉత్పత్తి లెక్కల కంటే ముందు రావాలి. గని చట్టాల కింద కార్మికుడికి నిర్ణీత కాలానికోసారి జరగాల్సిన వైద్య పరీక్ష కాంట్రాక్టు కార్మికుడికీ అంతే శ్రద్ధగా జరగాలి. సిలికోసిస్, దుమ్ములో పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది గనుక రిటైరైనవారికీ ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష కొనసాగాలి. యాజమాన్యం, సంఘాలు, వైద్యులు కలిసి ఈ పని చేపట్టాలి.