దోర్నకల్ దర్శనం – పిడికెడు బియ్యం పాఠం



మా పరిచర్యలోని ఒక డెల్టా గ్రామంలో గాలివానకు దేవాలయపు పెంకుల కప్పు కూలిపోయింది. అప్పటి నుండి సంఘం వేపచెట్టు క్రింద ఆరాధిస్తున్నది. కప్పు కోసం మేము దూరదేశపు దాతలకు మూడు ఉత్తరాలు వ్రాశాము. జవాబు రాలేదు. ఆ దినాలలోనే సంఘ పెద్దలు నలుగురు, స్త్రీల మైత్రి సోదరీలు ఇద్దరు, మేము కలిసి దోర్నకల్ చూచి రావాలని బయలుదేరాము.

ఉదయం వన్ టౌన్‌లో ప్రార్థన చేసుకొని స్టేషనుకు నడిచి బండి ఎక్కాము. మధిర, ఖమ్మం దాటిన తరువాత దోర్నకల్ జంక్షన్. విజయవాడ నుండి సుమారు 120 కిలోమీటర్లు. బొగ్గు గనులున్న కొత్తగూడెం వైపు వెళ్ళే రైలు మార్గం ఇక్కడే చీలుతుంది. నేడు ఇది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలోని చిన్న పట్టణం. స్టేషను, బజారు, బడులు అన్నీ ఉన్నాయి. నూరేళ్ళ క్రిందట మాత్రం ఇది నైజాము రాజ్యంలో అడవి ప్రక్కనున్న పల్లె.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనంతో, తమ సొంత మనుష్యులతో సువార్త పంపాలని ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. వారు ఎన్నుకొన్న పొలం ఈ దోర్నకల్. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో గురువుగా అభిషేకం పొంది తామే ఇక్కడికి వచ్చారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొన్నారు. మొదట నివాసం గుడారంలోనే! 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. తరువాతి కాలంలో మన కృష్ణా ప్రాంతం కూడా ఆయన అధ్యక్షఖండంలో చేరింది.

ఎపిఫనీ కెథెడ్రల్ ఎదుట నిలిచినప్పుడు మా వారందరూ మౌనమైపోయారు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడిని తలపించే రాతి స్తంభాలు, వాటి నడుమ క్రీస్తు సిలువ. ఇది మన నేలమీద మొలచిన దేవాలయమని చూడగానే తెలుస్తుంది. కట్టడానికి ఏళ్ళ తరబడి పట్టింది. చివరికి 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న అజరయ్య గారు ఇక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయన సమాధి ఇక్కడే ఉన్నది.

అయితే మమ్మును కదిలించినది కట్టడం కాదు. అజరయ్య గారి సంఘాలలో అధిక సంఖ్యాకులు మాల మాదిగ కూలీ జనం. వారికి ఆయన రెండు సంగతులు నేర్పించారు. ఒకటి, బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సువార్తికుడే. రెండు, బీదవాడైనా దేవునికి ఇవ్వగలడు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పాత్రలో వేసేవారు తల్లులు. కోతకాలంలో ధాన్యం, కోళ్ళు, గ్రుడ్లు, కూరగాయలు ఆరాధనకు తెచ్చేవారు.

ఈ సంగతి చెప్పుచుండగా మాతో వచ్చిన వృద్ధ సోదరి కన్నీళ్ళు తుడుచుకొన్నది. "అయ్యగారూ, మా అమ్మ కూడా తీసేది. ముంతలో పోసి ఆదివారం పట్టుకెళ్ళేది. మేమే మానేశాం. ఇప్పుడు మాకు అన్నానికి లోటులేదు, ఆ పిడికెడే లేదు" అన్నది.

మా గుండెలో ముల్లు గుచ్చుకొన్నట్లయింది. ఆమె మానేసినది ముంత. మేము మానేసినది అడగడం. మా సంఘం బీదదని తలంచి, వారిని అడుగక, ముక్కు ముఖం తెలియని వారిని మూడుసార్లు అడిగాము. అది వారిపై జాలి అనుకొన్నాము. నిజానికి అది వారిని తక్కువ చేయడమే.

తిరుగు బండిలో పెద్దలు ఎక్కువగా మాట్లాడలేదు. మరుసటి ఆదివారం వేపచెట్టు క్రింద ఒక మట్టికుండ పెట్టాము. ఆ వృద్ధ సోదరియే మొదటి పిడికెడు వేసింది. నెల తిరిగేసరికి ఆ బియ్యం అమ్మగా రెండు వాసాలకు సరిపోయింది. ఇంకా పెంకులు రాలేదు. వానాకాలం దగ్గరపడుతున్నది. అయినను నాలుగవ ఉత్తరం వ్రాయలేదు.

ప్రియ పాఠకులారా, వీలైతే ఒకసారి కుటుంబ సమేతంగా దోర్నకల్ వెళ్ళిరండి. వెళ్ళలేనివారు రేపు ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు ప్రక్కన తీసి ఉంచండి. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని చూచిన ప్రభువు దానినీ చూచును గాక. ఆమేన్.