ఈ ఫైలు ఎవరి టేబుల్ మీదున్నది?

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక చిన్న ప్రెస్సు. అందులో మూలకున్న కంప్యూటరు ముందు కూర్చొని నేను ఎన్నికల కరపత్రాలు రాస్తాను. మైకు పట్టేది ఒకరు, దండలు వేయించుకునేది ఒకరు. వాళ్లకంటే ముందు మ్యాటర్ రాసేది నేను. ఇరవై ఏళ్లు దాటింది. కోల్‌బెల్టులో ఎగిరిన జెండాలన్నిటికీ రాశాను. ఎవరి పేరూ చెప్పను, అది ఈ పనిలో మొదటి షరతు.

కొత్తగా నిలబడేవాడికి రాయడం తేలిక. చేస్తా, తెస్తా, ఇప్పిస్తా అంటే సరిపోతుంది; ఇంకా జరగనిదాన్ని ఎవడు కొలుస్తాడు? ఎమ్మెల్యేగా ఉండి మళ్లీ ఓటడిగేవాడికి రాయడం వేరు. రామగుండం సీటునే చూడు. 2009 నుంచి నాలుగు ఎన్నికలు జరిగితే, వరుసగా రెండుసార్లు నెగ్గింది సోమారపు సత్యనారాయణ ఒక్కరే: 2009లో స్వతంత్రుడిగా, 2014లో టీఆర్ఎస్ నుంచి. 2018లో ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద కోరుకంటి చందర్, 2023లో కాంగ్రెస్ నుంచి మక్కాన్ సింగ్ రాజ్ ఠాకూర్. పక్కనున్న మంథనిలో పీవీ నరసింహారావు 1957 నుంచి 1972 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచిన కాలం వేరు. ఇప్పుడు ఐదేళ్లకు ఓటరు లెక్క అడుగుతాడు, ఈ పనిలోకి వచ్చావంటే ఆ లెక్క రాయాల్సింది నువ్వు.

నాకు పని నేర్పింది ఒక కాక. బొగ్గు బాయిలో కోల్‌ఫిల్లర్‌గా చేసి దిగిపోయినవాడు, యూనియన్ గోడపత్రికలు చేత్తో రాసి రాసి వేళ్లు వంకర్లు పోయినవాడు. నా మొదటి మ్యాటర్ ఆయనకు చూపించకుండా అచ్చేశాను. మొదటి వాక్యమే ‘సింగరేణి కార్మికులకు ఆదాయపు పన్ను రద్దు చేయిస్తాం’. ఐదు వేల కాపీలు. మధ్యాహ్నం మొదటి షిఫ్టు వదిలే వేళకు గని గేటు దగ్గర నిలబడి నేనే పంచాను. స్నానం చేసినా కనురెప్పల అంచున కాటుకలాగా మసి మిగిలిన ఒకాయన అక్కడే ఆగి, మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి నా జేబులోనే కుక్కాడు.

“తమ్మీ, ఎమ్మెల్యే కూసునేది హైదరాబాద్‌ల. పన్ను ఏసేది ఢిల్లీల. నీ సారుకు పార్లమెంటుల ఓటున్నదా?”

ఆ సాయంత్రం కాక తిట్టలేదు. జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి ఇచ్చాడు. “రాసే ప్రతి హామీ పక్కన ఒక మాట రాసుకో: ఈ ఫైలు ఎవరి టేబుల్ మీదున్నది? టేబుల్ దొరకకపోతే ఆ వాక్యం కొట్టెయ్.”

ఇదే మన బెల్టు చిక్కు. కళ్ల ముందున్నవేవీ ఎమ్మెల్యే చేతిలో ఉండవు. బొగ్గు కంపెనీ సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49. ఎన్టీపీసీ కేంద్రానిది. 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ జాగాలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారంలో రాష్ట్రం వాటా 11 శాతమే. రోజుకు 3,850 టన్నుల యూరియా తీయగల ఫ్యాక్టరీ పొగ కనిపించే ఊళ్లో కూడా, కొరత వచ్చిన ఏడు రైతు చెప్పులు లైన్లో పెట్టి చెట్టు కింద కూర్చుంటాడు. ‘మన యూరియా మనకే’ అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. ఏ రాష్ట్రానికి ఎంత వెళ్లాలో తేల్చేది ఢిల్లీ. కొట్టెయ్.

మరి ఏం మిగులుతుంది? అది నాకు అర్థమయ్యేలా చేసింది ఒక రైతు ఎమ్మెల్యే. అఫిడవిట్‌లో వృత్తి దగ్గర ‘వ్యవసాయం’ అని చాలామంది రాస్తారు. ఈయనను మాత్రం నేను పొలంలోనే మొదటిసారి చూశాను, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తూము దగ్గర చెత్త లాగుతున్నాడు. రెండోసారి నిలబడేటప్పుడు మ్యాటర్ నన్ను రాయమన్నాడు. ఎనిమిది పేజీలు రాసుకెళ్లాను. ‘సస్యశ్యామలం’, ‘అభివృద్ధి ప్రదాత’ అన్నీ పెట్టాను. ఆయన కల్లంలో వడ్ల కుప్ప పక్కన గొంతు కూర్చొని చదివాడు. పిడికెడు వడ్లు తీసి రెండు గింజలు పంటికింద కొరికి, “ఇగ పద్దెనిమిది ఉంటది తేమ, రేపటికి పదిహేడుకు దిగుతది” అన్నాడు. కొనుగోలు కేంద్రంలో తీసుకునేది పదిహేడు లోపున్న వడ్లనే కదా. తర్వాత నా కాగితాల మీద ఎర్ర పెన్ను పెట్టాడు. ఎనిమిది పేజీలు ఒకటిన్నర అయ్యాయి.

మిగిలినవి ఇవి. కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో బస్తాకు ఎంత కోస్తున్నారో బోర్డు మీద రాయించడం. దానికి కలెక్టరేట్‌లో టేబుల్ ఉంది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ చివరి మడికి నీళ్లు. ‘చివరి ఆయకట్టుకు నీరందిస్తాం’ అని నేను రాస్తే, “ఏ తూము కింద, ఎన్ని తడులు?” అని అడిగి ఆ తూము పేరే రాయించాడు. చివరి మడి రైతుకు తన తూము పేరు అచ్చులో కనబడాలి, అప్పుడే కాగితం దాచుకుంటాడు. అన్నిటికంటే పెద్దది ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) పక్క ఊళ్ల సంగతి: పేలుళ్లకు బీటలు వారిన గోడలు, అడుగంటిన బోర్లు, పత్తి మీద దుమ్ము. గనుల పాత లీజుల రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు జమ అవుతుంది. దాని పాలకమండలిలో ఎమ్మెల్యేకు కుర్చీ ఉంది. ఆ డబ్బు పట్నంలో సీసీ రోడ్లకు కాకుండా ముందు దుమ్ము తినే ఊళ్లో మంచినీళ్లకు పోవాలని ఆయన పట్టుదల. నాకు ఆ ఫౌండేషన్ పేరు కూడా అప్పటిదాకా సరిగా తెలియదు. కాకకు చెబితే, “చూసినవా, టేబులే కాదు, కుర్చీ కూడ దొరికింది” అని నవ్వాడు.

పరిహారం గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. నోటిఫికేషన్ తేదీ అడగకుండా కలం కదపకు. 1894 భూసేకరణ చట్టం కింద పోయిన పొలం వేరు, 1957 బొగ్గు భూముల చట్టం కింద పోయింది వేరు, 2013 చట్టం వచ్చాక పోయింది వేరు. గట్టుకు ఇటూ అటూ ఉన్న అన్నదమ్ములకే రెండు లెక్కలుంటాయి. ఒకరి లెక్క అచ్చేస్తే రెండోవాడు నీ సభకు రాడు.

అచ్చు అంటే గుర్తొచ్చింది. నిర్వాసితుల ఊరికి ప్రత్యేకంగా వేసిన కాగితంలో పెద్దక్షరాల శీర్షిక ‘మీకు రావాల్సిన పరిహారం ఇప్పిస్తా’. రాత్రి రెండింటికి ప్రూఫ్ చూశాను. పొద్దున ఊళ్లోకి వెళ్లింది ‘పరిహాసం ఇప్పిస్తా’. రచ్చబండ మీద ఒక ముసలాయన చదివి, “ఇన్నేండ్లకు నిజం అచ్చయింది” అన్నాడు. మా ఎమ్మెల్యే అందరితో పాటు నవ్వి, మైకు తీసుకొని “అది నాది కాదు, మా రాసెటాయనది. గాని మీకిన్నాళ్లు వచ్చింది గదే” అన్నాడు. నేను జీపు వెనకాల నిలబడి చెమటలు కక్కాను. అప్పటి నుంచి శీర్షికను వెనక నుంచి ముందుకు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతాను. నువ్వూ అలాగే చదువు.

ఇంకోసారి ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు వేయడమే మరిచాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం అది నేరం, ఆరు నెలల జైలు దాకా పోవచ్చు. పదివేల కాగితాలు కట్టలుగా వాకిట్లో ఉన్నాయి. రబ్బరు స్టాంపులు నాలుగు చేయించి, కుర్రాళ్లను కూర్చోబెట్టి తెల్లవారేదాకా కొట్టించాం. నా బొటనవేలి ఊదారంగు పోలింగ్ సిరా కంటే ఎక్కువ రోజులుంది.

ఆ రైతు ఎమ్మెల్యే కాగితంలో చివరి అర పేజీ నాకు గర్వం. దాని శీర్షిక ‘చేయలేకపోయినవి’. ఆలోచన కాకది. నాలుగు పనులు, ఒక్కోదాని పక్కన ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యం. అనుచరులు ప్రెస్సుకొచ్చి గొడవపడ్డారు: “ఎదుటోనికి మనమే కట్టె ఇస్తున్నమా?” ఎమ్మెల్యే కాసేపు మౌనంగా ఉండి, “ఊళ్లె అందరికి తెలిసిందే గదా, ఎయ్యిండ్రి” అన్నాడు. వడ్లు ఆరబోసే రోజులు కాబట్టి ఇళ్లకు కాదు, కల్లాల దగ్గరికే పంపాం.

లెక్కింపు రోజు బూత్‌ల వారీ షీటు తెప్పించుకున్నాను. చివరి ఆయకట్టు ఊళ్లలో, ఓసీపీ పక్క రెండు ఊళ్లలో ఆయనకు పాతదానికంటే ఓట్లు పెరిగాయి. సింగరేణి క్వార్టర్లలో తగ్గాయి. షిఫ్టు పనివాళ్లకు చెప్పాల్సింది ఆ ఒకటిన్నర పేజీలో నేను రెండు వాక్యాలకు కుదించాను. ఆ తప్పు నాదే, పెన్ను ఆయనదైనా గుర్తుచేయాల్సింది నేను. సీటు పోయింది.

నెల తర్వాత ఫోన్ చేశాడు. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. “అన్నా, ఆ చెయ్యలేకపోయిన నాలుగిట్ల మూడోది, కల్వర్టుది, ఫైలు ఏడున్నదో దొరికింది. కొత్తాయనకు ఒక అర్జీ రాయాలె, జర మంచిగ రాసిస్తవా?”

పెన్సిల్ కోసం సొరుగు లాగాను.