పుస్తకం పక్కన పానా

మా హాస్టల్ మేడ మీద నిలబడితే పటాన్‌చెరు కంపెనీల పొగగొట్టాలు కనిపిస్తాయి. మాలో చాలామంది నాన్నలు ఆ గేట్లలోంచి లోపలికి వెళ్ళే కాంట్రాక్టు కూలీలే. ఏళ్ళ తరబడి మిషను నడిపినా చేతిలో సర్టిఫికెట్ లేదు. అందుకని రిజిస్టరులో ఇప్పటికీ హెల్పరే. సెలవుల్లో ఇంటికి పోతే వాళ్ళు చెప్పేది ఒకటే మాట: "నా లెక్క గావద్దు బిడ్డా, మంచిగ సదువుకో."

అందుకే మామూలు సబ్జెక్టులతో పాటు వృత్తి విద్య కూడా నేర్చుకోవాలని సారు చెప్పినప్పుడు మాకు నచ్చలేదు. "పేదపిల్లల చేతికే పానా ఎందుకు సార్?" అని మాలో ఒకడు అడిగేశాడు. సారు కోప్పడలేదు. మమ్మల్ని ఒక ఐటీఐకి తీసుకెళ్ళారు.

అక్కడ మొదటిసారి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నాం. అది 0.02 మిల్లీమీటర్ల తేడాను కూడా చూపిస్తుంది. దశాంశాలు పరీక్షల కోసమే అనుకున్న మాకు అవి ఇనుములో కనిపించాయి. "మా నాన్న చేత్తో తడిమి సైజు చెప్తాడు. కానీ డ్రాయింగు చదవరాదు" అన్నాడు మా మిత్రుడు. మాకేమో సూత్రాలు వచ్చు, పని రాదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు. పనిచేసే వాళ్ళకు పనితో పాటు దాని వెనక ఉన్న సైన్సూ, ప్రశ్నించే హక్కూ తెలియాలని అప్పుడు మాకు గట్టిగా అనిపించింది.

చేతిపనితోనే చదువు నేర్పాలని గాంధీజీ 1937లోనే వార్ధాలో చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానం 6వ తరగతి నుంచే వృత్తి పరిచయం ఉండాలంటోంది. ఐటీఐ చదివినవారు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా వారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ ఒకేషనల్ వారు ఇంజనీరింగుకు పోవాలంటే బ్రిడ్జి కోర్సు పాసవ్వాలి. ఈ మెట్లన్నీ ఎక్కాలంటే లెక్కలు, సైన్సు రావాల్సిందే.

కాబట్టి మేము కోరేది ఇదే. పానా ఇవ్వండి, కానీ పుస్తకం లాక్కోకండి. మా నాన్నల పనిని మేము చిన్నచూపు చూడం. ఆ పనిని డ్రాయింగు చదివి, సర్టిఫికెట్ పట్టుకుని, తలెత్తుకుని చేస్తాం. ఇంకా పై మెట్టు ఎక్కాలనుకునే తమ్ముళ్ళకు దారి తెరిచే ఉండాలి.