నీటివాలులో కోజుమెల్

"డబ్బు పోసి మరీ ఏట్లో కొట్టుకుపోయి వచ్చారటగా!" అని ఉగాది భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని పలకరించారు. ఏట్లో కాదు, సముద్రంలో, తక్కినదంతా నిజమే. ఆనాటి నుంచి వివరాలు అడిగేవారు ఎక్కువయ్యారు. ఫోనులో చెప్పిందే చెప్పలేక, సంపాదకులు దయతో ఇచ్చిన ఈ రెండు పేజీల్లో వ్రాస్తున్నాము.

కోజుమెల్ మెక్సికో దేశపు దీవి. యుకటాన్ తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. ప్లాయా డెల్ కార్మెన్ రేవులో ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో దిగవచ్చు. కరీబియన్ నీరు యుకటాన్ జలసంధి గుండా ఉత్తరానికి తోసుకుపోయే దారిలో ఈ దీవి ఉన్నది. అందువల్ల పడమటి ఒడ్డున బారులు తీరిన పగడాల దిబ్బల మీద నీరు ఒకచోట నిలవదు. చాలా రోజుల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది.

చాలాచోట్ల డైవింగు పడవ ఒకచోట ఆగి ఉంటుంది. దిగినవారు నీళ్ళలో ఎంత తిరిగినా మళ్ళీ దాని దగ్గరకే చేరాలి. ఇక్కడ పడవ ఆగదు. మనల్ని దించి, మనం వదిలే బుడగలను కనిపెడుతూ మెల్లగా వెంట వస్తుంది. ఎక్కడ తేలితే అక్కడ ఎక్కించుకుంటుంది. దీన్నే డ్రిఫ్ట్ డైవింగ్ అంటారు. పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గాని, నీరు నెమ్మదిగా ఉన్న రోజున, తెలిసిన గైడు వెంట ఉంటే, ఇది కొత్తవారికే సుఖం. ఎదురీత లేదు, తిరుగు దారి వెతుక్కునే పని లేదు.

మాలో ఒకరు కోనసీమ కాలవల్లో ఈదుతూ పెరిగినవారు. రెండోవారు అనంతపురం జిల్లాలో నీటిని బిందెల్లో తప్ప చూడనివారు. ఇద్దరమూ చలికాలమంతా ఊళ్ళోని కొలనులో శిక్షణ పొంది, 18 మీటర్ల వరకు దిగే అర్హత సంపాదించాకే టికెట్లు కొన్నాము. విచిత్రమేమిటంటే, ఈత వచ్చిన మనిషికి చేతులు కట్టుకొని ఊరుకోవడం నేర్పడమే గైడుకు పెద్ద పని అయింది. బిందెల మనిషి మాత్రం పడక కుర్చీలో వాలినట్లు సాగిపోయారు.

మొదటి రోజు ప్యారడైజ్ అనే దిబ్బ. లోతు 12 మీటర్ల చుట్టుపక్కల. నీళ్ళలో దిగాక ప్రవాహం ఉన్నట్లే తెలియదు, మనమూ దానితోపాటే పోతాము కనుక. కింద దిబ్బ మాత్రం రైలు కిటికీలోంచి పొలాలు జరిగినట్లు జరిగిపోతుంటుంది. ఒక చేపను చూద్దామని ఆగాలంటే దిబ్బ చాటుకు తప్పుకోవాలి, అక్కడ వేగం తగ్గుతుంది. పగడాన్ని పట్టుకొని ఆగడం నిషిద్ధం; 1996లో జాతీయ పార్కుగా ప్రకటించిన చోటు ఇది, చేతి తొడుగులు కూడా వేసుకోనివ్వరు. ఆ ఊరి ప్రత్యేకత ఒక కప్పచేప: నలుపు తెలుపు చారల తల, గడ్డం కింద వేలాడే మీసాలు, రెక్కల అంచుకు పసుపు. గుహ గుమ్మంలో కూర్చొని, అలిగిన పెళ్ళికొడుకులా బయటకు రాదు. గైడు లైటు వేసి చూపేసరికే మేము దాన్ని దాటిపోయాము. నీటివాలులో పోయేవాడికి రెండోసారి చూపు ఉండదు. దానికి మేము రెండో రోజుకు అలవాటు పడ్డాము.

వైద్యులం కనుక ఒకటి చెప్పక తప్పదు. 2018లో మెక్సికో తీరంలో పగడాలకు ఒక అంటురోగం కనిపించింది. మెదడులాంటి ముడతల పగడం మీద తెల్లని మచ్చ మొదలై, కొద్ది వారాల్లోనే మొత్తం చచ్చిపోతుంది. ఏ క్రిమి వల్లనో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఫ్లోరిడాలో అమాక్సిసిల్లిన్ కలిపిన లేపనం పూస్తున్నారు! 2019 అక్టోబరులో కోజుమెల్ దక్షిణపు దిబ్బలు కొన్నిటిని కొంతకాలం మూసి ఉంచారు. మేము చూసినవాటిలో ఎముకల్లా తెల్లబోయినవీ ఉన్నాయి, పచ్చగా బతికినవీ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. మా కబుర్లు విని, వచ్చే డిసెంబరులో నాలుగు కుటుంబాలు కలిసి పోవాలని నిశ్చయమైంది. శిక్షణకు ముందు ఒక ఆరోగ్య పత్రం నింపాలి. అందులోని జబ్బుల్లో కొన్నిటికి "అవును" అంటే డాక్టరు సంతకం కావాలి. మిత్రులొకరు ఆ పత్రం పట్టుకొని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఆయనకు చిన్ననాటి నుంచి ఉబ్బసం. చలికాలంలో జేబులో పంపు లేనిదే గడప దాటరు.

"ఒక్క సంతకం, చెల్లెమ్మా. 12 మీటర్లే కదా, పిల్లలాట అని మీరే చెప్పారుగా!"

పిల్లలాట అన్నది ప్రవాహం గురించి. ఊపిరితిత్తుల లెక్క వేరు. నీటిపైన ఒక వాతావరణపు పీడనం. 10 మీటర్ల దిగువన రెండు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. 20 నుంచి 30 మీటర్ల మధ్య తేడా అంత ఉండదు. అన్నిటికంటే పెద్ద మార్పు ఆ పైనున్న 10 మీటర్లలోనే. అందుకే ఊపిరి బిగబట్టి పైకి రావద్దని మొదటి పాఠంలోనే చెబుతారు. ఉబ్బసంతో గొట్టం మూసుకుపోతే, మనిషి ఊపిరి వదులుతున్నా ఒక మూల గాలి చిక్కుకుంటుంది. అది ఉబ్బి తిత్తిని చీలిస్తే, గాలి నెత్తురులో పడి మెదడుకు పోగలదు. లోతు తక్కువ అన్నది దీనికి జవాబు కాదు.

ఉబ్బసం ఉన్నవారెవరూ దిగరాదని మేము అనడం లేదు. జబ్బు బాగా అదుపులో ఉండి, పరుగుకు ముందూ తరువాతా ఊదుడు పరీక్ష సరిగా వస్తే ఒప్పుకునే నిపుణులున్నారు. ఆ పరీక్ష చేయించుకోమన్నాము. సంతకం చేయలేదు. ఆయన పత్రం మడిచి జేబులో పెట్టుకొని, కాఫీ తాగకుండానే లేచిపోయారు. "మనవాళ్ళు కదా అని వస్తే" అన్న మాట గుమ్మం దగ్గర వినబడింది. ఆ తరువాత రెండు నెలలు ఆయన దగ్గర నుంచి పిలుపు లేదు.

తక్కినవారికి మా అనుభవంలోంచి నాలుగు ముక్కలు. గైడును విడిచి ముందుకు పోవద్దు. మనుషులు కనిపించకపోతే ఒక నిమిషం చుట్టూ చూసి, నెమ్మదిగా పైకి రండి. నారింజ రంగు గాలిసంచీ ఊది నిలబెడితే పడవవాడికి దూరం నుంచి కనిపిస్తుంది. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ ఆగడం కూడా నీటితో పోతూనే. శాంటా రోసా గోడ వంటివి మొదటి రోజున వద్దు. చివరి డైవుకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి, చౌక టికెట్టు ఎంత ఊరించినా సరే. భోజనంలో అబనేరో మిరప పచ్చడి ఇస్తారు. గుంటూరు వారు కూడా చిటికెడుతో మొదలుపెట్టడం మంచిది.

మిత్రుని భార్య మొన్న ఫోను చేశారు. వచ్చే నెలలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర ఆయన పరీక్షకు రోజు కుదిరిందట. "తనే చేయించుకున్నారు, నేను చెప్పినట్లు అనకండి వదినా" అన్నారు. ఫలితం ఎలా వచ్చినా పడవలో ఆయన చోటు ఉంచాము. పైన తేలుతూ గొట్టంతో ఊపిరి పీల్చి చూసినా తాబేళ్ళు కనబడతాయి.