సద్ది మూట – నక్షత్ర నౌక



మన పాలమూరు నుంచి బొంబాయి, పూణెలకు పనికి పోయేవాళ్లు బయలుదేరే ముందు ఒక లెక్క వేసుకుంటారు. ఇంటి నుంచి సద్ది ఎంత కట్టుకోవాలి? దారిలో ఏం దొరుకుతుంది? ఎక్కువైతే మోయలేరు, తక్కువైతే పస్తులు. సైన్సు కథల్లో నక్షత్రాలకు పోయే నౌకల గురించి చదివితే, వాటి కష్టం కూడా ఇదేనని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆ నౌకల సద్ది హైడ్రోజన్. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది, అన్నిటికన్నా తేలికైనది అదే. ఆ తేలికతనంతోనే చిక్కు. దాన్ని ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీల దాకా చల్లబరచాలి. అప్పుడు కూడా 14 లీటర్ల బిందె నిండా పోస్తే తూగేది ఒక్క కిలోనే. కాస్త వేడి తగిలినా ఆవిరైపోతుంది. పైగా ఇంధనాన్ని మోయడానికే మరింత ఇంధనం కావాలి.

ఇది కథల్లో కష్టమే కాదు. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో శ్రీహరికోట నుంచి లేచిన మొదటి జీఎస్ఎల్‌వీ విఫలమైంది. హైడ్రోజన్‌ను అందించే పంపు ఆగిపోయింది. 2014 జనవరి 5న విజయం దక్కింది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసిన రాకెట్ పై దశలోనూ ద్రవ హైడ్రోజనే ఉంది.

మరి దారిలో పోగుచేసుకుంటే? 1960లో రాబర్ట్ బస్సార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఆలోచన చేశాడు. నౌక ముందు అయస్కాంత క్షేత్రాన్ని గరాటులా పరిచి, నక్షత్రాల మధ్య ఉన్న హైడ్రోజన్‌ను లోపలికి లాగి, సూర్యుడిలోలాగా సంలీనం చేసి ముందుకు సాగాలన్నాడు. పోల్ ఆండర్సన్ 1970లో రాసిన ‘టౌ జీరో’ నవలలోని నౌక ఇలాంటిదే. కాని అక్కడ ఘన సెంటీమీటరుకు ఒక్క పరమాణువు ఉందనుకుంటే, ఒక్క గ్రాము కోసం 60 కోట్ల ఘన కిలోమీటర్లు జల్లెడ పట్టాలి! పైగా ఎదురొచ్చే వాయువు నౌకను వెనక్కి నెడుతుంది.

మూడో దారి, నీళ్లున్న చోట ఆగడం. ఆర్థర్ క్లార్క్ 1982 నవల ‘2010: ఒడిస్సీ టూ’లో ఒక నౌక నీళ్లు నింపుకోవడానికి గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మీద దిగుతుంది. 9 కిలోల నీటిని విద్యుత్తుతో విడగొడితే కిలో హైడ్రోజన్ వస్తుంది. నీటిని దాచడానికి అంత చలీ అక్కర్లేదు. కుంటలు తవ్వి వాననీటిని ఆపుకున్న మన పెద్దల తెలివికి దగ్గరగా ఉన్నందుకేమో, నాకు ఈ దారే నచ్చింది.

“హాస్టల్ పిల్లలకు ఈ రాకెట్ల గోల ఎందుకు?” అని నన్ను ఒకాయన అడిగాడు. నీళ్ల కోసం లైన్‌లో నిలబడ్డవాళ్లకు కాక ఇంకెవరికి? ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మన నేల పేరుతోనే, పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే ‘నల్గొండ టెక్నిక్’ ప్రపంచమంతా సైన్సు పుస్తకాలకు ఎక్కింది. కొరత తెలిసినవాడికే లెక్క విలువ తెలుస్తుంది. సైన్సు మనకు పరాయి ఇల్లు కాదు.

ఆ 60 కోట్ల లెక్కను మీరూ చేసి చూడండి. మీ పాఠంలోని అవగాడ్రో సంఖ్య చాలు. తేడా వస్తే వచ్చే సంచికలో రాయండి.

– ఒక పూర్వ విద్యార్థి