నలభైలో పళ్ళకు క్లిప్పులా?

నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు మీకూ ఉందా? నాకుంది. మాది పూతలపట్టు. కాణిపాకం ఏకదంతుడి పొరుగున ఉంటూ ఎత్తుపళ్ళకు సిగ్గెందుకని మావారి వేళాకోళం! నలభయ్యో ఏట క్లిప్పులేమిటని నేనూ వెనకాడాను.

తిరుపతిలో దంతవైద్యుణ్ణి అడిగితే, "వయసు కాదమ్మా, చిగుళ్ళు చూడాలి" అన్నారు. తీగ నెట్టేవైపు ఎముక కరిగి, వెనకవైపు కొత్త ఎముక పడుతుందట. అలా పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు జరుగుతుంది. పెద్దవాళ్ళలోనూ అంతే, కాస్త నిదానం. చిగుళ్ళ జబ్బుతో కట్టించుకుంటే మాత్రం ఉన్న పళ్ళూ వదులై ఊడవచ్చు. నాకు తోముకున్నప్పుడల్లా రక్తం వచ్చేది. అందుకే ముందు దానికి వైద్యం చేయించుకున్నాను.

మొన్ననే రక్తం ఆగింది. వచ్చే నెల కట్టించుకుంటున్నాను. సుమారు రెండేళ్ళు ఉంచాలి. తీశాక కూడా పళ్ళు వెనక్కి రాకుండా రాత్రుళ్ళు పట్టీ పెట్టుకోవాలి. అదంతా సరే, చెరుకుగడ నమలకుండా ఉండటమే కష్టం!