తుడవని జాగా

ఆగస్టు 4, సోమవారం

స్లబ్ డీబగ్ ఆన్ చేసి మా పాత నెట్‌వర్క్ డ్రైవర్‌ని స్టాటిస్టిక్స్ అడిగాను. ఆ మోడ్‌లో కెర్నెల్ ఒక మంచి పని చేస్తుంది. ఎవరూ ఏమీ రాయని మెమరీని 6బి అనే బైటుతో నింపి ఇస్తుంది. ఆస్కీలో 6బి అంటే ఇంగ్లిషు చిన్నబడి ‘కె’. వచ్చిన జవాబుని హెక్స్‌డంప్‌లో చూస్తే ఇంటర్‌ఫేస్ పేరు ఉండాల్సిన చోట 65 74 68 30 00, దాని వెనక 6బి, 6బి, 6బి... కుడివైపు కాలమ్‌లో ‘ఈటీహెచ్0’, ఒక చుక్క, ఆ తర్వాత వరసగా పదకొండు ‘కె’లు.

పేరుకి కేటాయించిన జాగా 16 బైట్లు. నాలుగు అక్షరాలు, చివరి సున్నా కలిపి 5. మిగతా 11 బైట్లలో డ్రైవర్ ఏమీ రాయలేదు. రాయకుండానే మొత్తం 16నీ యూజర్ ప్రోగ్రాముకి కాపీ చేసి పంపేసింది. డీబగ్ లేని మామూలు మెషీన్‌లో అక్కడ ‘కె’లు ఉండవు. అంతకుముందు ఆ మెమరీని వాడుకుని వదిలేసినవాళ్లది ఏదుంటే అది ఉంటుంది. పాస్‌వర్డు ముక్క కావచ్చు, సెషన్ కీ ముక్క కావచ్చు, కెర్నెల్ అడ్రస్ కావచ్చు. ఈ స్టాటిస్టిక్స్ అడగడానికి రూట్ అవ్వక్కర్లేదు కూడా.

ఆగస్టు 5, మంగళవారం

“పదకొండు బైట్లే కదన్నా” అన్నాడు టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడు. అడగాల్సిన ప్రశ్నే. పక్కన కూర్చోబెట్టుకుని డంప్ చూపించాను. పదకొండు అనేది ఒక్కసారి అడిగితే. లూప్‌లో పెట్టి రాత్రంతా అడిగేవాణ్ణి ఎవరాపుతారు? అడిగిన ప్రతిసారీ బఫర్ మెమరీలో వేరే చోట నుంచి రావచ్చు, వేరే చెత్త మోసుకురావచ్చు. పైగా ఆ 16 బైట్లలో చివరి 8 సరిగ్గా ఒక పాయింటర్ పట్టే చోటు. 64 బిట్ ఇంటెల్ మెషీన్‌లో కెర్నెల్ అడ్రస్‌ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, మొదట్లోనే వరసగా ఎఫ్‌లు కనిపిస్తాయి. బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్‌ని కొత్త చోట కూర్చోబెట్టే రక్షణ 2014లో 3.14తో వచ్చింది. సరైన పాయింటర్ ఒక్కటి బయటికి పొక్కితే ఆ రక్షణ పోయినట్టే. చేతిలో ఇంకో బగ్ పెట్టుకుని అడ్రస్ కోసం కాచుకున్నవాడికి మనమే దారి చూపించినట్టు.

పక్కవాడికి పలక ఇచ్చేముందు తుడిచి ఇవ్వాలి. దానిమీద రాసినవాడు ఎవరో, ఏం రాసుకున్నాడో మనకి అనవసరం. ఆ రాత వాడిది, దాన్ని ఇంకొకరికి చూపించే హక్కు మనకి లేదు.

గిట్‌లో వెనక్కి వెళ్తే సంగతి తెలిసింది. మొదట్లో అక్కడ స్ట్రెన్‌కాపీ ఉండేది. అది పేరు రాశాక మిగిలిన జాగా అంతా సున్నాలతో నింపుతుంది. పేరు జాగాకి సరిపోయేంత పొడవుంటే మాత్రం చివరి సున్నా పెట్టదు, అది దాని ప్రమాదం. అందుకే దాన్ని తీసేసి స్ట్రెస్‌కాపీ పెట్టారు. ఇది చివరి సున్నా తప్పకుండా పెడుతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఒక కంత పూడ్చబోతే ఇంకోటి పడింది. రెండు పనులూ చేసే స్ట్రెస్‌కాపీ ప్యాడ్ 2019లో 5.2తోనే వచ్చింది.

ఆగస్టు 6, బుధవారం

పేరు ఒక్కటే కాకపోవచ్చని జవాబు స్ట్రక్చర్ మొత్తం పాహోల్‌తో చూశాను. ఒక 32 బిట్ ఫీల్డు, వెంటనే 64 బిట్ కౌంటర్. మధ్యలో 4 బైట్ల హోల్ ఉందని, వీలైతే దగ్గరికి సర్దమని కామెంట్ పెట్టి మరీ చూపించింది. సోర్సులో ఆ నాలుగు బైట్లకి పేరు లేదు. రివ్యూ చేసేవాడు వంద సార్లు చదివినా కనపడవు.

ఇలాంటిదే 2016లో అసలు లైనక్స్ నడిగుండెలో దొరికింది. నెట్‌వర్క్ కార్డుల వివరాలిచ్చే ఆర్టీనెట్‌లింక్ కోడ్‌లో ‘మ్యాప్’ అనే స్ట్రక్చర్. మూడు 64 బిట్ విలువలు, ఒక 16 బిట్, రెండు 8 బిట్: కలిపితే 28. కానీ 64 బిట్ మెషీన్‌లో కంపైలర్ దాన్ని 32 చేస్తుంది. రాసినవాళ్లు అశ్రద్ధ చేశారనడానికి లేదు, డిక్లేర్ చేసిన చోటే ఫీల్డులన్నీ నింపారు. అయినా చివరి 4 బైట్లు స్టాక్ మీద ఉన్న పాత సరుకుతోనే బయటికి పోయాయి. ఫీల్డులన్నీ నింపితే మధ్యలో సందులు కూడా నిండుతాయని సీ భాష ఎక్కడా హామీ ఇవ్వలేదు. సరిచేసిన తీరు చూడండి: ముందు మెమ్‌సెట్‌తో 32 బైట్లూ సున్నా చేయడం, తర్వాత ఒక్కో ఫీల్డు రాయడం. నేనూ అదే చేశాను. ఈ దారిలో నిమిషానికి నాలుగు పిలుపులు కూడా రావు, వేగం గురించి వాదించడానికేమీ లేదు.

ఆగస్టు 7, గురువారం

వాన. ఐకియా దగ్గర ట్రాఫిక్ కదలడం లేదని ఆఫీసులోనే ఉండిపోయాను. ఆ సందులో డ్రైవర్ పంపేవైపు కూడా చూశాను.

ఈథర్‌నెట్ ఫ్రేము చెక్‌సమ్ కాకుండా కనీసం 60 బైట్లు ఉండాలి. ఏఆర్పీ సందేశం 28, హెడర్ 14, మొత్తం 42. మిగిలిన 18 ఎవరో ఒకరు నింపాలి. సున్నాలతో నింపమని 1988 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1042లోనే ఉంది. అయినా 2003 జనవరిలో ఈథర్‌లీక్ పేరుతో బయటపడిన సంగతి అందరికీ గుర్తే. ఎన్నో డ్రైవర్లు ఆ 18 బైట్లలో పాత ప్యాకెట్ల ముక్కల్నీ, కెర్నెల్ మెమరీనీ వైరు మీదికి పంపుతుండేవి. ఇక్కడ మెషీన్‌లో లాగిన్ అవ్వాల్సిన పని కూడా లేదు, అదే నెట్‌వర్క్ మీద కూర్చుని వినగలిగితే చాలు. టీసీపీడంప్ పెట్టి మా కార్డు ఏఆర్పీలు చూశాను. పద్దెనిమిదీ సున్నాలే. మనసు తేలికపడింది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో పేరంటం, నాకు అటు చివరి గదిలో ల్యాప్‌టాప్.

2013 నాటి రిసీవ్ మెసేజ్ ప్యాచ్‌లు మళ్లీ చదివాను. సాకెట్ నుంచి చదివేటప్పుడు, పంపినవారి అడ్రస్ కోసం కెర్నెల్ స్టాక్ మీద 128 బైట్లు ఉంచేది. ఏ ప్రోటోకాల్ అయినా దాన్ని నింపకపోతే, పొడవు సున్నా అని చెప్పాల్సిన బాధ్యత ఆ ప్రోటోకాల్‌దే. ఏటీఎమ్, బ్లూటూత్, ఐఆర్‌డీఏ, నెట్‌రామ్, రోజ్, టిప్క్... ఒకటి తర్వాత ఒకటి చెప్పడం మరిచిపోయాయి. స్టాక్ అలాగే బయటికి పోయింది. ఆ వసంతంలో వాటిని ఒక్కొక్కటిగా సరిచేశారు. అదే ఏడాది నవంబరులో అసలు పద్ధతే మార్చారు: పొడవు మొదటే సున్నా, అడ్రస్ నిజంగా నింపినవాళ్లే దాన్ని పెంచుకోవాలి. మరిచిపోతే ఇప్పుడు ఖాళీ అడ్రస్ వస్తుంది, అంతే. నా దృష్టిలో ఆ వరస మొత్తానికీ విలువైన ప్యాచ్ ఆ రెండోది.

కెర్నెల్ 5.3 నుంచి ఉన్న ‘ఇనిట్ ఆన్ అలాక్’ కూడా అదే దారి. మెమరీ ఇచ్చేటప్పుడే తుడిచి ఇస్తుంది. చాలా పనుల్లో ఖర్చు 1 శాతం లోపేనని, కృత్రిమ పరీక్షల్లో 7 దాకా కనిపించిందని కెర్నెల్ కాన్ఫిగరేషన్ వివరణలోనే రాసి ఉంది. నేనైతే ఆ ఒక శాతం ఇచ్చేస్తాను. మా కస్టమర్ల పెట్టెల్లో ఇంకా 4.19 నడుస్తోంది, అక్కడ అది లేదు. అక్కడ చేత్తో తుడవాల్సిందే.

ఆగస్టు 11, సోమవారం

ఎన్‌క్రిప్షన్ కీలు కార్డుకి అందించే ఫంక్షన్. కీని లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చి, కార్డులో రాసి, చివర్లో మెమ్‌సెట్‌తో తుడిచారు. సోర్సులో తప్పేమీ లేదు. ఆబ్జ్‌డంప్ తీసి చూస్తే ఆ తుడిచే లైనుకి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా లేదు. ఆ వేరియబుల్‌ని తర్వాత ఎవరూ చదవడం లేదు కాబట్టి కంపైలర్ తీసేసింది. దానివైపు నుంచి అది సరైన పనే. అందుకోసమే 2014లో మెమ్‌జీరో ఎక్స్‌ప్లిసిట్ తెచ్చారు. దాన్ని కంపైలర్ తీసేయలేదు.

అంతకన్నా బాధ కలిగించింది ఎర్రర్ దారి. కీ పొడవు తప్పైతే మధ్యలోనే రిటర్న్, తుడిచే లైను దాకా రానే రాదు. 2018లో కెర్నెల్ టీఎల్‌ఎస్‌లో కూడా సరిగ్గా ఇదే దిద్దారు: సెట్టింగ్ విఫలమైనా, కనెక్షన్ ముగిసినా కీ మెమరీలో మిగలకూడదు. మా దాంట్లో అన్ని దారులనూ ఒకే చోటికి తెచ్చి అక్కడ తుడిచాను. హీప్ మీద ఉన్న కాపీకి మామూలు కేఫ్రీ తీసేసి కేఫ్రీ సెన్సిటివ్ పెట్టాను.

ఆగస్టు 12, మంగళవారం

కేఎమ్‌శాన్ కెర్నెల్ క్లాంగ్‌తో కట్టి నడిపాను. ఏ బైటు ఎవరైనా రాసిందో, ఏది రాయనిదో పక్కనే నీడలా లెక్క పెట్టుకుంటుంది. 2022 చివర 6.1లో మెయిన్‌లైన్‌కి వచ్చింది. చాలా నెమ్మది, కానీ పాత డ్రైవర్‌కి అది ఇచ్చిన రిపోర్టులో ఎన్నో బైటు నుంచి ఎన్నో బైటు దాకా ఎవరూ రాయలేదో వేలు పెట్టి చూపించింది. పేరు వెనక పదకొండు, హోల్‌లో నాలుగు. కొత్తదానికి ఏ రిపోర్టూ లేదు.

ప్యాచ్ చిన్నదే, వివరణ పెద్దది. ఏ ఫీల్డులో, ఎన్ని బైట్లు, ఎవరు అడిగితే పోతున్నాయి, ఏ కమిట్ నుంచి అన్నీ రాశాను. 4.19కి వెనక్కి మోసేవాళ్లకి ఆ వివరాలే కావాలి. కుర్రాడు ఈలోగా అదే స్టాటిస్టిక్స్ ఫంక్షన్‌ని మా ఇంకో కార్డు డ్రైవర్‌లో పట్టుకున్నాడు. అక్షరం మారకుండా కాపీ చేసి ఉంది. రెండో ప్యాచ్ వాడి పేరు మీదే పోతుంది.